ఫోన్ వల్లేనా, మాస్టారూ?

నవంబర్ నెల, మూడో ఆదివారం. మధ్యాహ్నం రెండు గంటలు. ప్రోతరాపూర్‌లో మా ఇంటి వరండా.

హాజరైనవారు: జంగ్లీఘాట్ నుంచి వచ్చే పదకొండో తరగతి అమ్మాయి. ఆమెతో పాటు చదివే వండూర్ అమ్మాయి. మా వీధిలోనే ఉండే బస్సు కండక్టర్ గారి అబ్బాయి, అతనిదీ అదే తరగతి. నేను. నాలుగున్నరకు జంగ్లీఘాట్ అమ్మాయి తండ్రి వచ్చి చేరాడు. రానివారు: ఎవరూ లేరు.

ఆ రోజు డైరీ ఇలా మొదలవుతుంది. పోర్ట్ బ్లెయిర్ బళ్ళలో ముప్ఫై ఒక్క ఏళ్ళు సైన్సు చెప్పినవాణ్ణి. హాజరు వేయకుండా ఏ పనీ మొదలుపెట్టలేను. రెండేళ్ళ క్రితం నా భార్య పోయిన తర్వాత చాలా రోజులు డైరీలో "హాజరు: నేను" అని మాత్రమే రాశాను. ఈ ముగ్గురు పిల్లలు రావడం మొదలయ్యాక ఆదివారాల్లో ఆ వరుస కొంచెం పొడుగైంది.

వాళ్ళు రావడానికి కారణం డిసెంబర్‌లో వాళ్ళ బళ్ళో జరగబోయే డిబేట్. ఫోన్లూ టీవీలూ ఎక్కువసేపు చూస్తే మెదడు పాడవుతుందా అన్నది విషయం. ఎవరు అవునని వాదించాలో ఎవరు కాదని వాదించాలో ఆ రోజే చీటీ తీసి చెబుతారట. అందుకని రెండు వైపులా తెలిసి ఉండాలి. గట్టిగా మాట్లాడటం వాళ్ళకు వచ్చు. ఏ మాట నిలబడుతుందో, ఏది నిలబడదో చూడటం నేర్పమని వాళ్ళ టీచరు నా దగ్గరికి పంపింది.

ఆ ఆదివారానికి ముందు శుక్రవారం ఉదయం జంగ్లీఘాట్ అమ్మాయి తండ్రి నాకు ఫోన్ చేశాడు. ఆయన సముద్రం మీద చేపల వేటకు వెళ్ళే మనిషి. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం.

"మాస్టారూ, మా గుంటకి మూణ్ణెల్లయ్యి తలపోటండి," అన్నాడు. "మార్కులు పడిపోనాయి. ఏటి సెప్పినా రెండుసార్లు సెప్పాల. అంతా ఆ ఫోన్ వల్లే. వాళ్ళమ్మేమో ఆస్పత్రికి తీస్కెళ్ళమంటాది, గుంటదీ అదే పాట. రోగమేటో తెలిసిపోనాక ఆస్పత్రెందుకండీ? ఒక రోజు వేట పోద్ది. మీరు ఆదివారం అదే పాఠం సెప్తన్నారంట గదా. ఫోన్ వల్లేనని మీరొక్క మాటనండి. ట్రంకులో పడీసి తాళమేసెత్తాను. బస్, ఖతం."

"కాదంటే?"

"మీరెందుకు కాదంటారు? సదువుకున్నోరు."

ఆదివారం సాయంత్రం రమ్మన్నాను. వస్తానన్నాడు. అంటే ఆ పిల్ల ఆస్పత్రికి వెళ్ళడమా మానడమా అన్నది నా నోటి నుంచి వచ్చే ఒక్క మాట మీద ఆగింది. ఆ సంగతి ఆ పిల్లకూ తెలుసు. ఆదివారం బస్సు దిగి వస్తూనే, "నాన్న మీకు ఫోన్ చేశాడు కదా సర్," అంది. చేశాడన్నాను. వచ్చి తన చోట కూర్చుంది.

మా వరండాలో బోర్డు అంటే ఒక ప్లైవుడ్ పలక, దానికి నల్ల రంగు. నేను తెలుగులో రాస్తాను. పిల్లలు తెలుగు బాగా మాట్లాడతారు కానీ చదవలేరు. నేను రాసినదాన్ని చదివి వినిపిస్తే హిందీ అక్షరాల్లో ఎక్కించుకుంటారు. మొదట్లో నాకు అది కష్టంగా ఉండేది. తర్వాత మానేశాను, కష్టపడటం.

ఆ వారం ఇచ్చిన పని: ఒక్కొక్కరు ఒక్కో వాదన తీసుకురావాలి. ఏ వైపుదైనా సరే.

కండక్టర్ గారి అబ్బాయి ఫోన్‌లో ఒక వీడియో తెచ్చాడు. పక్కపక్కన రెండు మెదళ్ళ బొమ్మలు. ఒకటి ఎరుపు, పసుపు రంగుల్లో వెలుగుతోంది. రెండోది నీలంగా, చీకటిగా ఉంది.

"ఇది ఫోన్ చూడని వాడి దిమాగ్ సర్. ఇదేమో రోజంతా చూసేవాడిది. ఖతం అయిపోయింది చూడండి."

"ఎవరివి ఈ మెదళ్ళు?" అన్నాను.

"అంటే?"

"వాటికి మనుషులుంటారు కదా. వాళ్ళ వయసెంత, ఏం పని చేస్తారు, ఆ రోజు నిద్రపోయారా లేదా, ఏమైనా చెప్పాడా?"

"నీలం రంగుది వీడిదే సర్," అంది వండూర్ అమ్మాయి. "లోపల కరెంటు లేదు."

"అరె, చుప్ బైఠ్."

వీడియో చివరిదాకా చూశావా అని అడిగాను. చివర్లో యాడ్ వచ్చింది, దాటేశానన్నాడు. దాటకుండా పెట్టమన్నాను. పిల్లల జ్ఞాపకశక్తికి పాలలో కలిపి తాగే పొడి డబ్బా ఒకటి వచ్చింది. ముగ్గురూ నవ్వారు.

"అచ్ఛా, ముందు భయపెట్టి తర్వాత డబ్బా అమ్ముతున్నాడు," అన్నాడు అబ్బాయి. "అయితే ఇది ఝూట్ సర్. కొట్టేస్తున్నా."

కొట్టెయ్యవద్దన్నాను. అమ్మేవాడు చెప్పినంత మాత్రాన అది అబద్ధమైపోదు. అమ్మేవాడు చెప్పాడు అని పక్కన రాసుకుని, అమ్మనివాళ్ళు ఏమంటున్నారో వెతకాలి. అబ్బాయి నిరుత్సాహంగా రాసుకున్నాడు. కొట్టెయ్యడంలో ఉన్న సుఖం రాసుకోవడంలో ఉండదు.

వండూర్ అమ్మాయి తన తల్లి మాటను తెచ్చింది. ఆమె జెట్టీ దగ్గర కొబ్బరి నీళ్ళు అమ్ముతుంది. "మా అమ్మ ఏమంటుందంటే సర్, సముద్రం అడుగు నుంచి కేబుల్ వేశారు కదా, అంతకుముందు నెట్ ఓపెనే అయ్యేది కాదు, పిల్లలు చక్కగా చదువుకునేవాళ్ళు. కేబుల్ వచ్చింది, నెట్ వచ్చింది, పిల్లల బుర్రలు పోయాయి. ఇది ఎవరో చెప్పింది కాదు, నా కళ్ళతో చూశాను అంటుంది."

ఇది మంచి వాదనని చెప్పాను. ముందు ఎలా ఉంది, తర్వాత ఎలా ఉంది అని చూస్తోంది. తన కళ్ళతో చూసింది. ఏమీ అమ్మడం లేదు.

"కొబ్బరి నీళ్ళు అమ్ముతుంది సర్," అన్నాడు అబ్బాయి.

"కేబుల్ వచ్చిన ఏడాది ఇంకేం జరిగింది?" అని అడిగాను.

ముగ్గురూ వేళ్ళ మీద ఏళ్ళు లెక్కపెట్టుకున్నారు. తర్వాత వండూర్ అమ్మాయే అంది: "లాక్‌డౌన్. బడి మూసేశారు. టూరిస్టులు లేరు, అమ్మ షాపు బంద్. ఇంట్లో రోజూ గొడవే. నేను ఆ ఏడాది లెక్కలు మొత్తం మర్చిపోయాను సర్. అప్పటికి నా దగ్గర ఫోనే లేదు."

"మరి బుర్రలు పోయింది దేని వల్ల?"

"తెలీదు."

"తెలీదు అని రాయి."

"డిబేట్‌లో తెలీదు అంటే మార్కులిస్తారా సర్?"

"ఇవ్వరు," అన్నాను.

జంగ్లీఘాట్ అమ్మాయి తెచ్చింది అవతలి వైపు వాదన. విశాఖపట్నంలో వాళ్ళ పెద్దమ్మ కూతురు రోజంతా ఫోన్ చూస్తుందట, అయినా మెడిసిన్ సీటు వచ్చిందట. కాబట్టి ఫోన్ వల్ల ఏమీ కాదు. చదవడం అయ్యాక తనే కాగితం కింద పెట్టేసింది.

"ఇది పనికిరాదు సర్. మా నాన్న విన్నా ఒప్పుకోడు."

"ఎందుకు?"

"ఒక్క అక్కే కదా." ఆమె నుదురు రుద్దుకుంటూ చెప్పింది. "ఎవరైనా ఒడ్డుకొచ్చి ఫలానా చోట సురమై చేప మస్తుగా పడింది అంటే, మా నాన్న వెంటనే పడవ తియ్యడు సర్. అడుగుతాడు. నువ్వే పట్టావా, ఎవరైనా చెబితే విన్నావా? ఏ పోటుకి? అక్కడికి ఎన్ని పడవలెళ్ళాయి, ఎన్ని ఖాళీగా వచ్చాయి? ఖాళీగా వచ్చినోడు ఒడ్డు మీద మాట్లాడడు. వల కడుక్కుని ఇంటికి పోతాడు. పట్టినోడే అరుస్తాడు. అందుకని ఖాళీగా వచ్చినోళ్ళ ఇళ్ళకెళ్ళి మరీ అడుగుతాడు. మా అమ్మ తిడుతుంది, ఎవరింట్లో కూర వండలేదో చూసి రావడానికి వెళ్తున్నావా అని."

ముప్ఫై ఒక్క ఏళ్ళలో నేను ఈ సంగతిని ఇంత తేలిగ్గా ఎవరికీ చెప్పలేకపోయాను. బోర్డు తుడిచి రాశాను: ఖాళీగా వచ్చిన పడవలెన్ని? చదివి వినిపించాను. ముగ్గురూ ఎక్కించుకున్నారు.

తర్వాత బోర్డు మీద నాలుగు గళ్ళు గీశాను. ఫోన్ ఎక్కువ చూసి బాగా చదివేవాళ్ళు. ఎక్కువ చూసి చదవనివాళ్ళు. తక్కువ చూసి బాగా చదివేవాళ్ళు. తక్కువ చూసీ చదవనివాళ్ళు. నాలుగు గళ్ళూ నిండితే తప్ప మాట్లాడవద్దన్నాను. మనకు వినిపించే కథలన్నీ మొదటి రెండు గళ్ళలోంచే వస్తాయి.

"నన్ను రెండో దాంట్లో వెయ్యండి సర్," అన్నాడు అబ్బాయి. "ఫుల్ ఫోన్, ఫుల్ ఫెయిల్."

"నువ్వు ఫోన్ లేకపోయినా ఫెయిలే," అంది వండూర్ అమ్మాయి.

ఆ మాటను బోర్డు మీద రాశాను. ఎగతాళికి అన్నా సరైన ప్రశ్న అదే. ఫోన్ లేకపోతే ఏమై ఉండేది? దానికి జవాబు వెతకాలంటే ఎంత మందిని, ఎన్నాళ్ళు, ఎలా చూడాలో కాసేపు చెప్పాను. స్క్రీన్ అన్న ఒక్క మాట కింద పాఠం వినడం, ఆట ఆడటం, అర్ధరాత్రిదాకా నిద్ర మానుకోవడం అన్నీ కలిపేస్తే ఏదీ తేలదని చెప్పాను. వాళ్ళు విన్నారు. అబ్బాయి ఆవులించాడు.

నాలుగో వాదన నాది. దాన్ని వాళ్ళ ముందు పెట్టాలని శుక్రవారం, ఆ ఫోన్ వచ్చిన పది నిమిషాలకే డైరీలో రాసుకున్నాను. ధైర్యం కూడగట్టుకోవడం లాంటిదేమీ జరగలేదు. టీ పెట్టి, గ్లాసులు ఇచ్చి, బీరువాలోంచి రెండేళ్ళ క్రితపు నోటుబుక్కు తెచ్చాను.

"ఇది ఒకాయన తన ఇంట్లో మనిషి గురించి రాసుకున్నది," అన్నాను. "చదువుతాను. నిలబడుతుందో లేదో చెప్పండి."

మూడు గడులుగా గీసిన పట్టిక. తేదీ. ఫోన్ ఎన్ని గంటలు. ఏం మర్చిపోయింది. నేను కొన్ని వరుసలు చదివాను. మూడు గంటలు, పులుసులో ఉప్పు రెండుసార్లు. నాలుగు గంటలు, తాళాలు బియ్యం డబ్బాలో పెట్టింది. నాలుగున్నర, చర్చిలో కీర్తన నంబరు చెప్పిన తర్వాత కూడా పుస్తకం తెరవకుండా కూర్చుంది. ఐదు గంటలు, పొయ్యి ఆర్పలేదు. ఐదు గంటలు, మంగళవారాన్ని ఆదివారం అనుకుని తెల్లచీర కట్టుకుంది. చివర గీత గీసి, "ఫోన్ వాడకం పెరిగిన కొద్దీ మరుపు పెరుగుతోంది. ఫోన్ తీసేయాలి," అని ముగింపు.

"ఈయన పోలీసా సర్?" అంది వండూర్ అమ్మాయి.

"సీసీటీవీ అంకుల్," అన్నాడు అబ్బాయి. "పాపం ఆంటీ. పులుసు కూడా వదల్లేదు." తర్వాత కొంచెం గంభీరంగా, "కానీ ప్రూఫ్ మాత్రం మజ్‌బూత్ సర్," అన్నాడు. "డేట్ ఉంది, టైమ్ ఉంది, సొంతంగా చూశాడు, ఏమీ అమ్మట్లేదు. ఫోన్ పెరిగింది, మరుపు పెరిగింది. ఇప్పటిదాకా చూసినవాటిలో ఇదే బెస్ట్."

నేనూ అప్పుడు అలాగే అనుకున్నాను.

జంగ్లీఘాట్ అమ్మాయి నోటుబుక్కు అడిగి తీసుకుంది. తెలుగు చదవడం రాదు కాబట్టి మూడో గడి మీద వేలు పెట్టుకుంటూ పేజీలు తిప్పింది.

"సర్, ఇందులో ఏమీ మర్చిపోలేదు అని రాసిన రోజు ఏది?"

"లేదు," అన్నాను.

"ఒక్కటీ లేదా?"

"లేదు."

"అయితే ఖాళీ పడవలు లేవు. ఆవిడ మర్చిపోయిన రోజే ఈయన పుస్తకం తీశాడు. బాగున్న రోజు ఎన్ని గంటలు చూసిందో మనకి తెలీదు." ఆమె ఇంకో పేజీ తిప్పింది. "ఇంకోటి సర్. ఏది ముందు? ఫోన్ చూసి మర్చిపోయిందా? లేకపోతే ముందే ఆవిడకి ఏదో బాగోలేక, ఏ పనీ చేతకాక, ఫోన్ పట్టుకుని కూర్చుందా? నాకు తలనొప్పి వచ్చిన రోజే నేను ఎక్కువ చూస్తాను. పుస్తకం పట్టుకోలేను. పాటలు పెట్టుకుని పడుకుంటాను. అమ్మ వచ్చి చూసేసరికి ఫోన్ చేతిలో ఉంటుంది."

వండూర్ అమ్మాయి నా వైపు తిరిగింది. "తర్వాత ఆ ఆంటీకి ఏమైంది సర్?"

"మెదడులో గడ్డ ఉందని తేలింది. ఇక్కడ చూసి చెన్నై పంపారు. అక్కడ పోయింది."

"మరి ఆయన?"

"ఆయన ఉన్నాడు."

అబ్బాయి నోటుబుక్కు వైపు చూశాడు, తర్వాత బోర్డు వైపు. తెలుగు చదవడం రాకపోయినా రెండు చోట్లా ఒకే చేతిరాత అని పోల్చుకోవడానికి చదువు అక్కర్లేదు. చేతిలో ఉన్న గ్లాసు నేల మీద పెట్టాడు.

"సారీ సర్," అన్నాడు.

"ఆమె అడిగిన రెండు ప్రశ్నలూ రాసుకో," అన్నాను.

రాసుకున్నాడు.

పిల్లలకు చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను. నోటుబుక్కులో ఆ గీత గీసిన రోజున నా భార్య ఫోన్ తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆమె గొడవ చేయలేదు. మధ్యాహ్నాలు కిటికీ దగ్గర కూర్చునేది. నేను దాన్ని మెరుగు అనుకున్నాను, అలాగే రాశాను. పంతొమ్మిదో రోజున స్నానాల గది ముందు పడిపోయింది. చెన్నై విమానంలో, సీటు బెల్టు పెట్టుకున్నాక, నాతో చెప్పింది: బైబిలు తెరిస్తే అక్షరాలు కదిలేవట. చాలా నెలలుగా. అందుకని ఫోన్‌లో వాక్యం వినేదట. ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. "మీరు రాసుకుంటారని," అంది. ఆ మాట కూడా ఆ రోజు డైరీలో ఉంది, విమానం బయల్దేరిన సమయం కింద.

గడ్డ చాలా కాలం నుంచి ఉందని, కొన్ని వారాలు ముందు వచ్చినా తేడా ఉండేదో లేదో చెప్పలేనని అక్కడి డాక్టరు అన్నాడు. ఆ వాక్యాన్ని నేను చాలాసార్లు పరీక్షించాను. ఉండేదని రుజువు లేదు. ఉండేది కాదని కూడా లేదు. నాకు ఏమనిపించిందో రాయడానికి అప్పుడు ఒక పేజీ వదిలాను. అది ఖాళీగానే ఉంది. దాచుకున్నది ఏమీ లేదు. నిజంగానే రాయడానికి ఏమీ దొరకలేదు.

నాలుగున్నరకు పొద్దు వాలుతుండగా జంగ్లీఘాట్ అమ్మాయి తండ్రి స్కూటర్ మీద వచ్చాడు. చెప్పులు మెట్ల దగ్గర విప్పి, వరండాలో కూర్చోకుండా స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

"ఏటి తేలింది మాస్టారూ? ఫోన్ వల్లేనా?"

అమ్మాయి సంచి సర్దుకోవడం ఆపింది. వండూర్ అమ్మాయి బస్సుకు, అబ్బాయి ఇంటికి లేవవలసినవాళ్ళు, లేవలేదు.

"తేలలేదు," అన్నాను.

"అదేటండీ. రెండు గంటల నుంచి కూకున్నారు, తేలకపోడమేటి?"

"నాన్నా," అంది అమ్మాయి. "సురమై పడిందంటే నువ్వు ఏం అడుగుతావు?"

"ఎహె, ఊరుకో. సముద్రమేరు, బుర్రేరు."

"నువ్వు నా ఫోన్ చూస్తున్నావు. ఫోన్ లేని రోజు తలనొప్పి వచ్చిందా లేదా అని ఒక్కసారైనా అడిగావా?"

"మాస్టారూ, సూసినారా నోరు? ఇది కూడా ఆ ఫోనే నేర్పింది."

అబ్బాయికి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. నేను నోటుబుక్కు తెరిచి ఆయన చేతికిచ్చాను. ఆయన తెలుగు చదవగలడు. నిలబడే ఒక పేజీ చదివాడు, పెదవులు కదుపుతూ.

"ఎవలిది ఇది?"

"నాది. మా ఇంట్లో ఆమె గురించి రాసింది."

"అమ్మగారు పోయిన సంగతి తెలుసండి. ఇక్కడ మట్టి సేసిన రోజు మేం కూడా ఒచ్చినాం."

"ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేసిన సంగతి తెలియదు. పంతొమ్మిది రోజులు. అన్నాళ్ళూ ఆస్పత్రికి తీసుకెళ్ళలేదు. జబ్బేమిటో నాకు తెలిసిపోయిందనుకున్నాను కాబట్టి."

ఆయన పుస్తకం మూసి, రెండు చేతులతో పట్టుకున్నాడు. వేళ్ళ మీద వల తాళ్ళ గాట్లు ఉన్నాయి. గొంతు తగ్గించి, "మా గుంటకి కూడా అదే అంటారా?" అన్నాడు.

ఇక్కడ నేను అవునంటే పని అయిపోయేది. ఆయన భయపడిపోయాడు. భయంతో ఆ రాత్రే ఆస్పత్రికి పరిగెత్తేవాడు. కానీ రెండు గంటలసేపు పిల్లలకు చెప్పిందంతా అక్కడితో పోయేది. పొడి డబ్బా వాడు చేసిందీ అదే కదా.

"అనను," అన్నాను. "తలనొప్పి చాలామందికి వస్తుంది. ఎక్కువమందికి పెద్దదేమీ ఉండదు. కళ్ళు కావచ్చు, నిద్ర కావచ్చు, రక్తం తక్కువ కావచ్చు. నిజంగా ఫోనే కూడా కావచ్చు. నాది ఒక్క పడవ. ఒక్క పడవను చూసి నువ్వు భయపడకూడదు. కానీ చూపించకుండా, తెలిసిపోయిందనుకుని తాళం వెయ్యకు."

"ఫోన్ మాటేటి మరి?"

"తగ్గించు. రాత్రి పడుకునేముందు తీసుకుని పక్కన పెట్టు. దానికి నేను అడ్డు చెప్పను. అది ఆస్పత్రికి బదులు మాత్రం కాదు."

ఆయన రోడ్డు వైపు తిరిగాడు. "రేపు పొద్దున్న పోటు మంచిదండి," అన్నాడు. "మావోళ్ళందరూ ఎల్తన్నారు."

ఆయన కూతురి వైపు చెయ్యి చాపాడు. ఆమె ఫోన్ తీసి ఇచ్చింది. దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, నోటుబుక్కు నా చేతిలో పెట్టి, మెట్లు దిగి చెప్పులు వేసుకున్నాడు. అమ్మాయి వెనక ఎక్కి కూర్చుంది. వెళ్ళేటప్పుడు నాకు నమస్కారం పెట్టింది కానీ, మొహంలో ఏముందో ఆ వెలుతురులో కనబడలేదు. వండూర్ అమ్మాయి, కండక్టర్ గారి అబ్బాయి బస్సు స్టాపు దాకా కలిసి వెళ్ళారు. ఆ రోజు వాళ్ళు కొట్టుకోలేదు.

గ్లాసులు కడిగి, బోర్డు తుడిచి, డైరీ రాశాను. "ఫలితం: తెలియదు" అని రాసి పడుకున్నాను. నిద్ర మామూలుగానే పట్టింది.

మర్నాడు సోమవారం. ఆరుంబావుకు ఫోన్ మోగింది.

"మాస్టారూ, పర్చీ కిటికీ, అదే సీటీలిచ్చేది, ఎన్నింటికి తీత్తారు?" ఆయనే.

"ఎనిమిదికి అనుకుంటాను. ఎక్కడున్నావు?"

"ఆస్పత్రి ముందే. ఒచ్చీసినాం. మా కన్నా ముందు ఇద్దరే ఉన్నారు." ఆగి, "మావోళ్ళు ఎల్లిపోనారు. నేను ఎల్నేదు," అన్నాడు. "మీరోపాలి రాగలరా? హిందీ ఒచ్చుగానీ, డాక్టర్ల ముందు నాకు నోరు పెగల్దు."

ఏడింటి బస్సుకు వెళ్ళాను. ఆయన ఉతికిన చొక్కా వేసుకున్నాడు, తల దువ్వుకున్నాడు. అమ్మాయి గోడకు ఆనుకుని కూర్చుంది. తొమ్మిదిన్నరకు లోపలికి పిలిచారు. డాక్టరు చిన్న వయసు ఆవిడ. తలనొప్పి ఏ వేళప్పుడు వస్తుందని హిందీలో అడిగింది.

"పొద్దున్న లేవగానే," అంది అమ్మాయి. "మళ్ళీ బళ్ళో, మధ్యాహ్నం తర్వాత."

"లేవగానేనా?" తండ్రి తెలుగులో అడ్డు తగిలాడు. "నాకు సెప్పనేదేటే?"

"నువ్వు అడగలేదు నాన్నా. ఫోన్ గురించే అడిగావు."

డాక్టరు ఇద్దర్నీ చూసి, వాళ్ళు ఆగేదాకా ఆగి, ఇంకొన్ని ప్రశ్నలు వేసింది. కళ్ళలోకి టార్చి వేసి చూసింది. బీపీ చూసింది. భయపడాల్సిన లక్షణం తనకు ఇప్పుడేమీ కనబడలేదని, అయినా చూడకుండా చెప్పనని, ముందు కళ్ళ విభాగానికి, తర్వాత రక్తపరీక్షకు వెళ్ళి ఆ కాగితాలతో గురువారం రమ్మని చెప్పింది. అది నేను తెలుగులో చెప్పబోయేలోపే, "గురువారం కూడా ఒస్తాం," అని ఆయనే హిందీలో అన్నాడు.

కళ్ళ విభాగం ముందు పాతికమంది దాకా ఉన్నారు. బల్ల మీద ఒక్కరికే చోటు ఉంటే కూతుర్ని కూర్చోబెట్టి, ఆయన గోడ పక్కన గొంతుక్కూర్చున్నాడు. నేను నిలబడ్డాను. పదకొండు దాటాక వాళ్ళ నంబరు పిలిచారు. ఆయన లేచి, కూతురి సంచి తను అందుకుని, ఆమె వెనక లోపలికి వెళ్ళాడు.